జేబులో తాళంచెవి

మా ఊరి రేడియో టవర్‌కి కట్టినవాళ్ళు పెట్టిన పేరు చాలా గొప్పది. ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవరు. అందరికీ అది ఒంటికాలి కొంగ. బస్సు కండక్టర్ కూడా "కొంగ దగ్గర దిగేవాళ్ళు ముందుకి రండి" అనే అంటాడు. ఆ కొంగ చరిత్రను వచ్చిన జనానికి చెప్పడమే నా ఉద్యోగం. లిఫ్టులో పైకి తీసుకెళ్ళి, అద్దాల గ్యాలరీలో నిలబెట్టి, చేత్తో ఊరు చూపిస్తూ నోటితో పాఠం అప్పజెబుతాను.

నా పాఠంలో నవ్వించే ముక్కలు బోలెడు. రేడియో తరంగాలు తగిలితే కోళ్ళు గుడ్లు పెట్టవని మొదట్లో ఒకాయన ఇల్లిల్లూ తిరిగి చెప్పాడట. తన కట్టుడు పళ్ళలో వార్తలు వినిపిస్తున్నాయని ఇంకొకాయన ఫిర్యాదు చేస్తే, అధికారులు వచ్చి ఆయన నోటి దగ్గర చెవి పెట్టి విన్నారట. కొన్నేళ్ళ తరవాత గ్యాలరీ కట్టినప్పుడు, ప్రారంభించడానికి వచ్చిన పెద్దమనిషి లిఫ్టులో ఇరుక్కుపోయాడు. ఆయన ఊరుకునే రకం కాదు, ఉపన్యాసమంతా లోపలే చదివేశాడు. వరదలప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఏ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఈ గ్యాలరీలోంచి చూసి, రేడియోలో చెప్పి, జనాన్ని మెరక ప్రాంతాలకు నడిపించారు. ఆ తరవాతే ఊరు కొంగను వెక్కిరించడం మానేసింది.

ఇవన్నీ అయ్యాక చివర్లో ఒక ముక్క ఉంటుంది. "ఇన్నేళ్ళలో ఇక్కడ జరిగిన ప్రమాదం ఒకటే. స్తంభం ఎక్కే కార్మికుడొకరు తాళంచెవి తనతో తీసుకెళ్ళడం మరిచిపోయి, తన అజాగ్రత్త వల్ల ప్రాణం పోగొట్టుకున్నారు." జనం అయ్యో పాపం అంటారు. ఎవరో ఒకరు "అంత మతిమరుపేంటండీ" అని కూడా అంటారు. నేను తల ఊపి, వాళ్ళను మెల్లగా లిఫ్టు వైపు నడిపిస్తాను.

ఆ కార్మికుడు మా నాన్న. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పను. తల కొట్టేసినట్టుండే సంగతిని పనిగట్టుకుని చాటుకోవడమెందుకు?

తాళంచెవి గొడవ ఏమిటో చెప్పాలి. గ్యాలరీ నెత్తిన ఇంకా పైకి ఒక ఇనప స్తంభం ఉంటుంది. ప్రసారమంతా దాని మీదుగానే. ప్రసారం నడుస్తుండగా దాన్ని ముట్టుకుంటే మనిషి మిగలడు. అందుకని దీపం మార్చడానికో రంగు వెయ్యడానికో ఎవరైనా ఎక్కాలంటే, ముందు కింద ట్రాన్స్‌మిటర్ గదిలో ప్రసారం ఆపాలి. ఆపితేనే అక్కడి గడియలోంచి తాళంచెవి ఊడి వస్తుంది. ఎక్కేవాడు ఆ చెవిని జేబులో వేసుకుని ఎక్కుతాడు. అది మళ్ళీ గడియలో పెట్టి తిప్పనిదే ప్రసారం మొదలవదు. పైనున్నవాడి ప్రాణం వాడి జేబులోనే భద్రంగా ఉంటుందన్నమాట. అలాంటి చెవి ఒకటే ఉండాలి, రెండోది చేయించకూడదు. అది కట్టినవాళ్ళు పెట్టిన నియమం.

మా నాన్న ఆ రోజు చెవిని గడియలోనే వదిలేసి ఎక్కాడు. వార్తల వేళకి ట్రాన్స్‌మిటర్ గదిలో డ్యూటీలో ఉన్న ఇంజనీరు, చెవి గడియలోనే ఉంది కదా, పైన ఎవరూ లేరనుకుని తిప్పాడు. అందరికీ తెలిసిన కథ ఇదే.

ఆ ఇంజనీరు నాన్నకు ప్రాణస్నేహితుడు. మాకు మావయ్య. తోడబుట్టకపోయినా అమ్మ ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తుంది. తన చేతి మీదుగా జరిగిందని ఆయన తిండి మానేసి మంచం పడితే, అమ్మే వెళ్ళి "మతిమరుపు ఆయనది. మధ్యలో మీరేం చేస్తారు?" అని ఓదార్చి లేపిందట. అప్పటి నుంచి మా ఇంటి భారం ఆయనే మోశాడు. నన్నూ తమ్ముణ్ణీ చదివించాడు. జ్వరం వస్తే పక్కన కూర్చున్నాడు. నా పెళ్ళిలో తండ్రి నిలబడాల్సిన చోట ఆయన నిలబడ్డాడు. అంత మంచి మనిషి ఊళ్ళో ఇంకొకరు లేరని నేను ఎంతమందితో వాదించానో.

అమ్మ మాత్రం నాన్నను క్షమించలేదు. నాన్న పోయిన రోజున కూడా ఆమె కంట నీళ్ళు రాలేదట. వచ్చింది కోపమే. ఇద్దరు పసిపిల్లలను నెత్తిన పెట్టి ఒక తాళంచెవి మరిచిపోయి పోతాడా మనిషన్నవాడు? మా ఇంట్లో నాన్న ఫొటో లేదు గానీ, నాన్న మీద తిట్లకు కొదవ లేదు. నేను గొడుగు మరిచిపోయి వస్తే "అదే రక్తం" అనేది. పాలు పొంగిపోతే పొయ్యి కట్టేసి, ఎదురుగా మనిషి ఉన్నట్టే "చూడండి, మీ చలవ" అనేది. ఆదివారం మధ్యాహ్నాలు మావయ్య మా ఇంట్లోనే భోంచేసేవాడు. అమ్మ వడ్డిస్తూ తిట్ల దండకం అందుకుంటే, ఆయన తల వంచుకుని "పోనీలే చెల్లెమ్మా, పోయినవాణ్ణి ఏమీ అనకు" అనేవాడు. ఎంత పెద్ద మనసో అనుకునేదాన్ని.

తమ్ముడు పెద్దయ్యాక అదే టవర్‌లో అదే పనిలో చేరాడు. సరసర పాకిపోతాడని వాణ్ణి అక్కడ ఉడత అంటారు. అమ్మ పది రోజులు వాడితో మాట్లాడలేదు. తరవాత రోజూ గుమ్మంలో నిలబడి "మీ నాన్నలా చేస్తే కాళ్ళు విరగ్గొడతా" అని చెప్పి పంపడం మొదలుపెట్టింది.

ఈ ఏడాది టవర్ యాభయ్యో వార్షికోత్సవం. కింది హాల్లో చరిత్ర ప్రదర్శన పెట్టే పని నాకు అప్పజెప్పారు. రిబ్బన్ కత్తిరించేది మావయ్యే. బతికున్న పాతవాళ్ళలో పెద్దవాడు ఆయనే మరి. గోడ మీద వరుసగా బొమ్మల పలకలు బిగించాం. పునాది తవ్వకం, కోళ్ళ కథ, లిఫ్టు కథ, వరద. చివరి పలక మీద నాన్నది. నియమాలు పాటించకపోతే ఏమవుతుందో కొత్తవాళ్ళకు తెలియాలి కాబట్టి అది ఉండాల్సిందేనన్నారు పైవాళ్ళు. నాన్న ఫొటో పైన, అజాగ్రత్త అన్న మాట కింద. అమ్మ కూడా వస్తానంది. ఆమె టవర్ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి అవుతుంది. ఆ పలక ముందు ఆమెను ఎలా నిలబెట్టాలా అని నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ప్రారంభానికి ముందురోజు పొద్దున మావయ్య ఒక రేకుపెట్టె పంపించాడు. పాత వస్తువులు ప్రదర్శనకు పనికొస్తాయేమో చూడమని కబురు. తోలు ఊడిన హెడ్‌ఫోన్లు, ముల్లు ఊగని మీటరు, పగిలిన మైకు, అడుగున గుడ్డలో చుట్టిన ఇత్తడి తాళంచెవి. దాని తలమీద తిరగేసిన గుర్రపునాడాలాంటి గుర్తు ఉంది. తమ్ముడి చేతిలో రోజూ చూసేదే, నాకు తెలియకపోవడమేముంది? పాతది అరిగిపోతే మార్చి ఉంటారు, ఇదే అప్పటి అసలు చెవి అయ్యుంటుంది అనుకుని మురిసిపోయాను. గాజుపెట్టెలో ముఖమల్ గుడ్డ మీద పెట్టి, "స్తంభం తాళంచెవి" అని చీటీ కూడా అంటించాను.

మధ్యాహ్నం ప్రసారం ఆపి మరమ్మతు చేసే వేళ. తమ్ముడు పైకి ఎక్కబోతూ, నేనేం వెలగబెడుతున్నానో చూద్దామని హాల్లోకి వచ్చాడు. గాజుపెట్టె దగ్గర ఆగిపోయాడు.

"అక్కా, ఇదెక్కడిది?"

"మావయ్యది. మొదట్లో వాడింది. అరిగిపోయాక కొత్తది చేయించి ఉంటారు కదా."

"కొత్తదెక్కడిది? మొదటి నుంచీ ఇదొక్కటే." వాడు చొక్కా జేబులోంచి తన చెవి తీసి చూపించాడు. దాని గుర్తు అరిగి అరిగి కనిపించీ కనిపించకుండా ఉంది. గాజుపెట్టెలోది నిన్న చేసినట్టుంది.

"అయితే ఇది బొమ్మ చెవేమో," అన్నాను.

వాడు నవ్వలేదు. "తియ్యి. చూద్దాం."

ఇద్దరం ట్రాన్స్‌మిటర్ గదికి వెళ్ళాం. యంత్రాలు రెండుసార్లు మారాయి గానీ గడియ మాత్రం పాతదే. డ్యూటీ ఇంజనీరు ఏదో తింటూ కూర్చున్నాడు. తమ్ముడు తన చెవి జేబులోనే ఉంచుకుని, జేబును పైనుంచి చేత్తో అదిమి పట్టుకుని, మావయ్య చెవిని గడియలో పెట్టాడు. తిప్పాడు. అది తిరిగింది. గోడ మీద ఎర్ర దీపం వెలిగింది. స్తంభంలో ప్రసారం మొదలైందని చెప్పే దీపం అది.

డ్యూటీ ఇంజనీరు తింటున్నది వదిలేసి ఒక్క అంగలో వచ్చి వెనక్కి తిప్పాడు. "నీ చెవి నీ దగ్గరే ఉంది కదరా," అన్నాడు. తమ్ముడు జేబులోంచి తీసి చూపించాడు. స్తంభం కొసన ఒంటిచేత్తో వేలాడుతూ బీడీ వెలిగించుకునే మనిషి వాడు, నేల మీద నిలబడలేక గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"నేనెక్కిన ప్రతిసారీ ఇదెక్కడో ఉందన్నమాట," అన్నాడు.

నాకు వేరే సంగతి తట్టింది. నాన్న ఎక్కినప్పుడు కూడా ఉండి ఉంటే? ఆ ఆలోచనను పక్కకు నెట్టాలని చూశాను. పోలేదు. చెవి రెండోది ఉంటే, నాన్న మరిచిపోకపోయినా ఆ ప్రమాదం జరగొచ్చు కదా.

మేం వెళ్ళేసరికి మావయ్య రేపటికోసం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తమ్ముడు చెవిని ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. మావయ్య దాన్ని చూసి, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్ కట్టేశాడు. చుట్టాల కోసం ఎదురుచూసినవాడిలా ఉన్నాడు.

"పెట్టెలో ఉందని నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసమ్మా. తీసేద్దామనుకున్నాను. రెండుసార్లు మూత తెరిచాను. తియ్యలేదు."

"ఇదెప్పుడు చేయించావు?" తమ్ముడు అడిగాడు.

మావయ్య కుర్చీ మీద కూర్చోలేదు. బల్ల పట్టుకుని నిలబడే చెప్పాడు. "మీ నాన్నకి ఒక అలవాటుండేది. సాయంత్రం దిగి, చెవి జేబులో ఉన్న సంగతి మరిచిపోయి ఇంటికెళ్ళిపోయేవాడు. వాడే కాదు, వాడి ముందువాళ్ళూ అంతే. పొద్దున్నే ప్రసారం మొదలవాలి, చెవి ఉండదు. సైకిలేసుకుని మీ ఇంటికి పరిగెత్తేవాణ్ణి. ఒకరోజు ఊరంతా పొద్దున వార్తలు లేకుండా గడిచింది. పైవాళ్ళు నన్ను నిలబెట్టి కడిగేశారు. ఉద్యోగం ఊడిపోతుందన్నారు. మీ నాన్న పేరు చెప్తే వాడి ఉద్యోగం పోతుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా ఇంకో చెవి చేయించాను. మీ నాన్నకి కూడా చెప్పలేదు. పొద్దుటి పూట కోసం మాత్రమే అనుకున్నాను."

"ఆ రోజు?"

"ఆ రోజు గడియలో చెవి లేదు."

నాకు విన్నది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. గడియలో చెవి లేదు. అంటే ఆ చెవి మోసుకుని ఎవరో పైన ఉన్నారని అర్థం. ఈ ఊళ్ళో ఆ ఒక్క అర్థం కోసమే ఆ నియమం పెట్టారు.

"గడియ ఖాళీగా ఉంటే, మళ్ళీ జేబులో వేసుకుని ఇంటికెళ్ళిపోయాడనుకున్నాను," అన్నాడు మావయ్య. "వాన పట్టింది, దిగే ఉంటాడనుకున్నాను. అన్నిసార్లు అలా జరిగింది కదా. గడియ ఖాళీగా ఉంటే మనిషి పైనున్నాడని నాకు తట్టడమే మానేసింది. కిటికీలోంచి ఒక కేక వేశాను. వానలో ఏం వినపడుతుంది? వార్తల టైము అయింది. నా చెవి పెట్టి తిప్పాను."

"మరి నాన్న చెవి?" తమ్ముడు అడిగాడు.

"నడుం బెల్టుకి వేలాడుతున్నాడు. వాణ్ణి దింపింది నేనే. చెవి వాడి చొక్కా జేబులోనే ఉంది. పెద్ద ఇంజనీరు వచ్చేలోగా తీసి గడియలో పెట్టాను."

ఆ మాట విని నేను ఆయన చేతులవైపు చూశాను. నన్ను ఎత్తుకు తిరిగిన చేతులవి. అక్షరాలు దిద్దించిన చేతులవి. చచ్చిపోయిన మా నాన్న జేబులో ఆ చేతులే దూరాయి. ఆయన్ని కొట్టాలనిపించింది, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడవాలనిపించింది, రెండూ ఒకేసారి.

"పోలీసులంటే భయపడ్డావా?" అన్నాను చివరికి.

"భయపడ్డాను. తరవాత మీ అమ్మ వచ్చి ఓదార్చింది. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నోరు పెగల్లేదు. నేను జైలుకెళ్తే మీకు దిక్కెవరు అనుకున్నాను. అది నిజమో, నాకు నేను చెప్పుకున్న సాకో ఇప్పటికీ తెలీదు."

"అమ్మకి చెప్పాలి," అన్నాడు తమ్ముడు.

"రేపు ఫంక్షన్ అయ్యాక..." అన్నాను నేను. ఎందుకన్నానో తెలీదు. అమ్మకు ఈ మాట చెప్పే నోరు నాకు లేదు, అంతే.

"ఇప్పుడే," అన్నాడు మావయ్య. ఇస్త్రీ చేసిన చొక్కా అక్కడే వదిలేసి, ఒంటిమీద ఉన్న పాతదానితోనే బయల్దేరాడు.

దారిలో తమ్ముడు మమ్మల్ని ఆపి టవర్‌లోకి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు వాడి చంకలో నాన్న పలక ఉంది. మరమేకులు విప్పి గోడ నుంచి ఊడబీకి తెచ్చాడు. ఉద్యోగం పోయినా పోతుందని వాడికి తెలుసు.

అమ్మ వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. ఆదివారం కాని రోజున మావయ్యను చూసి ఆశ్చర్యపోయింది గానీ, చేతులు తుడుచుకుని అలవాటుగా ఒక కంచం తీసి బల్ల మీద పెట్టింది. "రండి అన్నయ్యా. రేపటి హడావిడిలో తిండి మానేశారా ఏంటి? ముఖం అలా ఉందేం?"

మావయ్య కంచం ముందు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మాకు చెప్పినదంతా, ఏమీ మింగకుండా, ఏమీ కలపకుండా చెప్పాడు. వాన, ఖాళీ గడియ, తన చెవి, జేబు. అమ్మ కత్తిపీట పక్కనే నిలబడి వింది. ఆమె కేకలు వేస్తుందని, ఆయన మీద పడుతుందని నేను సిద్ధంగా ఉన్నాను. అలాంటిదేమీ జరగలేదు. ఆమె ముఖంలో నాకు తెలిసిన అమ్మ ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోతున్నట్టుంది. అంత భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

ఆయన ఆపాక ఒకటే అడిగింది.

"జేబు బొత్తం పెట్టి ఉందా?"

మావయ్యకు అర్థం కాలేదు. మాకూ కాలేదు.

"ఆ పొద్దున బొత్తం ఊడిపోతే నేనే కుట్టాను. చెవి పైనుంచి జారిపడుతుంది, బొత్తం పెట్టుకోండి అని మరీ మరీ చెప్పాను. విసుక్కుంటూ వెళ్ళారు. పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాడమ్మా," అన్నాడు మావయ్య. "నేనే విప్పాల్సొచ్చింది."

అమ్మ గోడకు చెయ్యి ఆనించింది.

"విన్నారన్నమాట నా మాట," అంది. తరవాత మావయ్య వైపు తిరిగింది. "ఇన్నేళ్ళు, ప్రతి ఆదివారం, నేను ఆయన్ని తిడుతూ మీకు వడ్డించాను. మీరు ఇక్కడ కూర్చుని, వింటూ తిన్నారు అన్నయ్యా."

ఆమె గొంతు పెంచలేదు. మావయ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. నా జీవితంలో ఆయన్ని నేల మీద కూర్చోగా చూడటం అదే. అమ్మ వంగి, బల్ల మీది కంచం తీసి, తిరిగి గూట్లో పెట్టేసింది.

"రేపు అక్కడికొచ్చిన వాళ్ళందరికీ చెప్పండి," అంది. "మైకులో చెప్పండి. రేడియోలో కూడా రావాలి."

ఆయన తల ఊపాడు. లేవడానికి తమ్ముడు చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. బల్ల అంచు పట్టుకుని తనే లేచి వెళ్ళిపోయాడు.

తమ్ముడు పలకను తిరగేసి గోడకు ఆనించాడు. అమ్మ వెళ్ళి దాన్ని మళ్ళీ ఇటు తిప్పింది. కింద రాసిన మాటలు ఆమె చూడలేదు. ఫొటో ముందు కూర్చుని, దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచింది. "ఎన్ని మాటలన్నానండీ," అంది. "ఒక్కసారైనా కాదని చెప్పలేకపోయారు కదండీ." అంతే, ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. మామూలు ఏడుపు కాదు. గోడలు అదిరేలా, ఊపిరి అందక, మధ్యమధ్యలో ఆయన్ని పిలుస్తూ ఏడ్చింది. మేమిద్దరం చెరోవైపు పట్టుకున్నా ఆగలేదు. ఆమె ఏడవగా చూడటం మాకు అదే మొదలు. ఏం చెయ్యాలో తెలియక తమ్ముడు కూడా పసివాడిలా ఏడవడం మొదలుపెట్టాడు.

ఆ ఏడుపు వీధిదాకా వినిపించినట్టుంది. పక్కింటావిడ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆవిడ ఈ మధ్యే మా వీధికి వచ్చింది. మా సంగతులేవీ తెలియవు.

"అయ్యో, ఏమైందమ్మా? ఎవరు పోయారు?"

"మా నాన్న పోయారండీ," అన్నాను.